గ్రీన్ బేలో చివరి వరుస

బుధవారం, జూలై 30, 2025

మిల్వాకీ నుంచి గ్రీన్ బేకు రెండు దారులున్నాయి. షెబోయ్‌గన్, మానిటొవాక్ మీదుగా మిషిగన్ సరస్సుకు దగ్గరగా వెళ్లే 43వ నంబరు రహదారి ఒకటి. ఫాండ్ డు లాక్, ఆష్‌కాష్, యాపిల్టన్ ఊళ్లను తాకుతూ పోయే 41 మరొకటి. వెళ్లేటప్పుడు మొదటిది, వచ్చేటప్పుడు రెండోది అని మా అబ్బాయి ముందే తీర్మానించాడు. వేసవికి బాపట్ల నుంచి మా దగ్గరకు వచ్చిన నాన్నగారు కిటికీ పక్కన కూర్చున్నారు. రోడ్డుకు రెండువైపులా మొక్కజొన్న చేలు, మధ్య మధ్య ఎర్ర రంగు వేసిన పశువుల కొట్టాలు, వాటి పక్కన పొడుగ్గా నిలబడ్డ మేత గాదెలు. విస్కాన్సిన్ పాడి రాష్ట్రం. ఒకచోట ఆగి అప్పుడే విరిచిన చీజ్ ముక్కలు కొన్నాం. తాజావైతే నమిలేటప్పుడు పళ్ల కింద కీచుమంటాయి. నాన్నగారికి నచ్చాయి, పొట్లం ఆయన దగ్గరే ఉండిపోయింది.

మేము వెళ్తున్నది అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు గ్రీన్ బే ప్యాకర్స్ ట్రైనింగ్ క్యాంప్ చూడటానికి. మా అబ్బాయి హైస్కూల్ జట్టులో కార్నర్‌బ్యాక్ ఆడతాడు. వాడి ఆట చూసీ చూసీ నాకు కూడా బంతి ఎవరి చేతిలో ఉందన్న ధ్యాస తగ్గి, వెనక నిలబడ్డవాళ్ల మీదకే చూపు పోవడం అలవాటైంది. ఈ ఆటలో జట్టుకు 11 మంది. బంతి ఎదుటి జట్టు దగ్గర ఉన్నప్పుడు ముందు వరుసలో భారీ మనుషులు ఢీకొంటారు, వాళ్ల వెనక లైన్‌బ్యాకర్లు ఉంటారు. ఆ వెనక నలుగురో ఐదుగురో డిఫెన్సివ్ బ్యాక్‌లు. రెండు అంచుల్లో కార్నర్‌బ్యాక్‌లు, మధ్యలో లోతుగా సేఫ్టీలు, లోపలి రిసీవర్‌కు, అంటే విసిరిన బంతిని అందుకునేవాడికి, ఎదురుగా స్లాట్ అనే చోట ఇంకొకరు. వీళ్లను దాటితే ఇక అడ్డుకునేవారు లేరు. ముందు వరుసలో ఒకరి కాలు జారితే పక్కవాడు సర్దుకుంటాడు. ఇక్కడ జారితే టచ్‌డౌనే, అంటే బంతి మైదానం చివరిదాకా చేరి ఎదుటివాళ్లకు పాయింట్లు.

ఈ ఏడాది ఆ వరుస గురించి నాకు దిగులుంది. 2018 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట, మొదటి రౌండ్లో 18వ ఎంపికగా తీసుకున్న కార్నర్‌బ్యాక్ జైర్ అలెగ్జాండర్‌ను జూన్‌లో జట్టు వదిలేసింది. ఆరోగ్యంగా ఉన్న రోజున అతని ఎదుట నిలబడటానికి ఏ రిసీవరూ ఇష్టపడేవాడు కాదు. కానీ గత నాలుగు సీజన్లలో 68 మ్యాచ్‌లకు గాను అతను ఆడినవి 34. తర్వాత బాల్టిమోర్ జట్టులో చేరాడు. 2021లో మొదటి రౌండ్లో తీసుకున్న ఎరిక్ స్టోక్స్ కూడా వెళ్లిపోయాడు. అంటే అంచుల్లో ఇప్పుడు మొదటి రౌండు వాడు ఒక్కడూ లేడు. మిగిలినవాళ్లతో సీజన్ గడుస్తుందా అన్నది చూడాలనే ఈ ప్రయాణం.

సాయంత్రం ఊరి దక్షిణాన ఫాక్స్ నది పక్కనున్న డి పీర్‌లో నడిచాం. అక్కడి సెయింట్ నార్బర్ట్ కళాశాల వసతి గదుల్లో క్యాంప్ రోజుల్లో ఆటగాళ్లు బస చేసే ఆచారం 1958లో మొదలైంది. కోట్ల డాలర్ల ఒప్పందాలున్నవాళ్లు విద్యార్థుల మంచాల మీద పడుకుంటారని విని నాన్నగారు తల ఊపారు. "మంచి పద్ధతి," అన్నారు.

గురువారం, జూలై 31

పొద్దున్నే లాంబో ఫీల్డ్ ముందుకు చేరేసరికి పిల్లలు సైకిళ్లతో బారులు తీరి ఉన్నారు. స్టేడియం నుంచి రోడ్డు అవతలి రే నిచ్కీ మైదానానికి ఆటగాళ్లు ఈ పిల్లల సైకిళ్ల మీదే వెళ్తారు. పాత కోచ్ విన్స్ లొంబార్డి కాలం నాటి సంప్రదాయం ఇది. వంద కిలోలు దాటిన మనిషి మోకాళ్లు గడ్డానికి తగిలేలా చిన్న సైకిల్ తొక్కుతుంటే, ఆ సైకిల్ సొంతదారు అతని హెల్మెట్ మోస్తూ పక్కన పరుగెడుతుంది. ఆమెకు ఎనిమిదేళ్లు ఉంటాయేమో. లక్ష జనాభా దాటీ దాటని ఊరికి ఇలాంటి జట్టు ఉండటమే విశేషం. పైగా దీనికి యజమాని లేడు. 1923 నుంచి వాటాదారులదే జట్టు, ఇప్పుడు వాళ్లు 5 లక్షలు దాటారు. ఆ వాటాకు లాభం పంచరు, తిరిగి అమ్ముకోవడానికీ వీల్లేదు. ఆ కాగితాన్ని పటం కట్టించి గోడకు తగిలించుకున్న ఇళ్లు మా పేటలోనే చూశాను.

ప్రాక్టీస్ చూడటానికి టికెట్ లేదు. మెట్ల మీద చోటు దొరికితే చాలు. మేము డిఫెన్సివ్ బ్యాక్‌లు ఉన్న మూలకు దగ్గరగా కూర్చున్నాం. మొదట పాదాల పని. వెనక్కి వెనక్కి అడుగులు వేస్తూ, కోచ్ చేయి ఎటు చూపితే అటు నడుము తిప్పి పరుగు అందుకోవాలి. చూడటానికి తేలికే. కానీ రిసీవర్‌కు తాను ఎటు వెళ్తాడో ముందే తెలుసు, కార్నర్‌బ్యాక్‌కు తెలియదు. ఆ తేడాను పాదాలతో పూడ్చుకోవాలి. అయిదు గజాలు దాటాక రిసీవర్‌ను చేత్తో ఆపకూడదు. బంతి గాలిలో ఉండగా నెడితే తప్పు జరిగిన చోటనే బంతిని పెడతారు, ఒక్క తప్పుకు నలభై గజాలు పోవచ్చు. ఈ ఆటలో నియమాలన్నీ రిసీవర్ పక్షమే అని నా నమ్మకం. అందుకే ఈ పని చేసేవాళ్లంటే నాకు అంత అభిమానం.

నాన్నగారు చాలాసేపు మాట్లాడకుండా చూశారు. తర్వాత మనవడి వైపు వంగి, "ఆ వెనక్కి నడిచేవాడు ఎదుటివాడి ముఖం చూడటం లేదురా, గమనించావా?" అన్నారు.

"నడుము చూస్తాడు తాతయ్యా. తల, భుజాలు, చేతులు అన్నీ మోసం చేస్తాయి. నడుము చేయలేదు. మా కోచ్ మొదటి రోజే చెప్పారు."

"మా కబడ్డీలోనూ అంతే. కూతకు వచ్చినవాడి చేతుల్ని చూసిన కుర్రాడు అవుటైపోయేవాడు. నడుము చూసినవాడే పట్టేవాడు," అన్నారు నాన్నగారు. ఆయన వయసులో ఉండగా బాపట్ల చుట్టుపక్కల ఊళ్లలో ఎడమ మూల ఆడేవారు. ఆ క్షణం నుంచి ఆయనకు ఈ ఆట నేను వివరించాల్సిన అవసరం రాలేదు.

25వ నంబరు కీషాన్ నిక్సన్ మీద అందరి కళ్లూ ఉన్నాయి. 2019లో ఏ జట్టూ ఇతన్ని డ్రాఫ్ట్‌లో ఎంచుకోలేదు. ఎదుటి జట్టు తన్నిన బంతిని అందుకుని పరిగెత్తే కిక్ రిటర్నర్‌గా 2022, 2023లో వరుసగా ఆల్-ప్రో, అంటే లీగ్ ఉత్తమ ఆటగాళ్ల జట్టు సభ్యుడు, అయ్యాడు. గత జనవరిలో ఫిలడెల్ఫియాతో ప్లేఆఫ్ (నాకౌట్) మ్యాచ్‌లో మొట్టమొదటి కిక్‌ను అందుకుని పరుగెడుతూ బంతి వదిలేశాడు. 22-10తో ఓడాం, సీజన్ అక్కడే ముగిసింది. ఇప్పుడు తనకు ఆ రిటర్న్ పని వద్దనీ, పూర్తిగా కార్నర్‌బ్యాక్‌గా ఉండి జట్టులో మొదటి స్థానం నిలుపుకుంటాననీ దాచుకోకుండా చెబుతున్నాడు. అతని ధైర్యం నాకు నచ్చింది. ఎత్తు తక్కువే, అయినా పరిగెత్తేవాణ్ని పడగొట్టడంలో వెనకాడడు. పొడుగాటి రిసీవర్లకు అంచులో ఎదురు నిలబడి పదిహేడు మ్యాచ్‌లు ఆడాలంటే ధైర్యం ఒక్కటే సరిపోదన్నది నా భయం.

రెండో అంచు కోసం మార్చిలో లాస్ వేగస్ నుంచి నేట్ హాబ్స్‌ను తెచ్చుకున్నారు. నాలుగేళ్లకు 4 కోట్ల 80 లక్షల డాలర్లు. అక్కడ అతను ఎక్కువగా స్లాట్‌లో ఆడాడు, ఇక్కడ బయట కూడా నిలబెట్టాలని ఆలోచన. 24వ నంబరు క్యారింగ్టన్ వాలెంటైన్ ఆ చోటును అంత తేలిగ్గా వదిలేలా లేడు. 2023లో ఏడో రౌండ్లో, 232వ ఎంపికగా కెంటకీ నుంచి వచ్చినవాడు. పొడుగైన చేతులు, అలుపెరగని నోరు.

వీళ్లందరి కన్నా మా అబ్బాయిని కట్టిపడేసింది బో మెల్టన్. నిన్నమొన్నటి వరకు ఇతను రిసీవర్. ఏప్రిల్ డ్రాఫ్ట్ ఈ ఊళ్లోనే జరిగింది. అందులో ప్యాకర్స్ మాథ్యూ గోల్డెన్‌ను మొదటి రౌండ్లో తీసుకున్నారు. 2002 తర్వాత ఆ రౌండ్లో వాళ్లు రిసీవర్‌ను ఎంచుకోవడం ఇదే. మూడో రౌండ్లో శావియన్ విలియమ్స్ అనే మరో రిసీవర్ వచ్చాడు. చోటు ఇరుకైపోయింది. అందుకని మెల్టన్‌ను కార్నర్‌బ్యాక్ పని కూడా నేర్చుకోమన్నారు. అతని తమ్ముడు మ్యాక్స్ అరిజోనాలో అదే పనిలో ఉన్నాడు. నిన్న తాను పరిగెత్తిన దారులనే నేడు వెనక్కి నడుస్తూ ఊహించాలి. పరుగులో వేగం ఉంది, దారుల జ్ఞానం ఉంది. లేనిదల్లా ఆ వెనకడుగు. నడుము తిప్పేటప్పుడు ఒక్క అడుగు ఎక్కువ పడుతోంది. ఆ ఒక్క అడుగు పోవడానికి కొందరికి ఏళ్లు పడుతుంది. అయినా ప్రాక్టీస్ అయిపోయాక అతను అదే కసరత్తు ఒంటరిగా మళ్లీ మళ్లీ చేస్తూ కనిపించాడు. జనం సైకిళ్ల వైపు కదులుతున్నా మా అబ్బాయి మెట్ల మీద నుంచి లేవలేదు.

శుక్రవారం, ఆగస్టు 1

స్టేడియంలోనే ప్యాకర్స్ హాల్ ఆఫ్ ఫేమ్, అంటే మేటి ఆటగాళ్ల ప్రదర్శనశాల, ఉంది. నాలుగు సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) ట్రోఫీల ముందు ఫొటోల కోసం గుమిగూడినవాళ్లను దాటుకుని నేను వెతుక్కున్నది వెనక వరుసవాళ్లను.

బాబీ డిల్లన్. 1952 నుంచి 1959 వరకు ఆడిన సేఫ్టీ. ఎనిమిది సీజన్లలో 52 ఇంటర్‌సెప్షన్లు, అంటే ఎదుటి జట్టు విసిరిన బంతిని మధ్యలోనే పట్టేయడం. ఈ జట్టు చరిత్రలో ఇప్పటికీ అదే రికార్డు. చిన్నతనంలో జరిగిన ప్రమాదాల వల్ల అతనికి ఒక కన్ను పోయింది. దూరం, వేగం లెక్కగట్టి గాలిలో బంతిని అందుకోవడం రెండు కళ్లున్నవాళ్లకే కష్టం. అతను ఒక్క కంటితో 52 సార్లు చేశాడు. జాతీయ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు 2020లో దక్కింది. అప్పటికి ఆయన పోయి ఏడాది కూడా కాలేదు. ఇంత ఆలస్యం చేసినందుకు నాకు ఇప్పటికీ కోపమే.

విల్లీ వుడ్ గురించి నాన్నగారికి కాస్త ఎక్కువసేపే చెప్పాను. సదర్న్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరేవాడు. నల్లజాతి యువకుడు. 1960లో డ్రాఫ్ట్‌లో ఎవరూ పిలవలేదు. ఒక్క అవకాశం ఇవ్వమని తానే జట్లకు ఉత్తరాలు రాశాడు. గ్రీన్ బే రమ్మంది. సేఫ్టీగా మార్చింది. 48 ఇంటర్‌సెప్షన్లు పట్టాడు, జట్టు చరిత్రలో డిల్లన్ తర్వాత అతనే. మొట్టమొదటి సూపర్ బౌల్ రెండో భాగంలో బంతి పట్టి 50 గజాలు పరిగెత్తి మ్యాచ్‌నే తిప్పేశాడు. మరుసటి ఏడాది సూపర్ బౌల్‌లో కార్నర్‌బ్యాక్ హెర్బ్ యాడర్లీ 60 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. సూపర్ బౌల్‌లో ఇంటర్‌సెప్షన్ మీద వచ్చిన మొదటి టచ్‌డౌన్ అది.

లీరాయ్ బట్లర్ చిన్నప్పుడు కాళ్లకు ఊత పట్టీలు కట్టుకుని, చక్రాల కుర్చీలో గడిపినవాడు. 1993 డిసెంబరు 26న, గడ్డకట్టే చలిలో, టచ్‌డౌన్ చేసి నేరుగా ప్రేక్షకుల మధ్యకు ఎగిరాడు. లాంబో లీప్ అలా పుట్టింది. ఈ ఊళ్లో పిల్లవాడినడిగినా ఆ కథ చెబుతాడు. చేసింది సేఫ్టీ అన్నది మాత్రం చాలామంది మరిచిపోతారు.

కానీ ఈ ప్రయాణానికి నాకు అత్యవసరమైన పాఠం 2011 ఫిబ్రవరి 6 నాటిది. పిట్స్‌బర్గ్‌తో సూపర్ బౌల్. 2009లో లీగ్‌లోనే ఉత్తమ డిఫెన్స్ ఆటగాడైన చార్ల్స్ వుడ్సన్ రెండో క్వార్టర్లో కాలర్ బోన్ విరిగి బయటకు వెళ్లిపోయాడు. శామ్ షీల్డ్స్ అనే కొత్త కార్నర్‌బ్యాక్‌కూ దెబ్బ తగిలింది. మిగిలినవాళ్లు రెండో భాగమంతా ఈడ్చుకొచ్చారు. చివర్లో నాలుగో డౌన్‌లో, అంటే ఆఖరి ప్రయత్నంలో, పిట్స్‌బర్గ్ విసిరిన బంతిని చేత్తో కొట్టి పడేసింది ట్రేమాన్ విలియమ్స్. అతన్నీ డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. 31-25. ఆ ట్రోఫీ ముందు నిలబడి మా అబ్బాయికి చెప్పాను: సీజన్ మొదట్లో ఐదుగురి పేర్లు గట్టిగా చెప్పుకుంటాం, చివర్లో మ్యాచ్ గెలిపించేది ఏడోవాడో ఎనిమిదోవాడో కావచ్చు. ఈ ఏడాది ప్యాకర్స్‌కు ఆ ఏడోవాడు, ఎనిమిదోవాడు ఎవరు? 2024లో ఏడో రౌండ్లో వచ్చిన కేలెన్ కింగ్, ఈ ఏడాది ఏడో రౌండ్లో వచ్చిన మైకా రాబిన్సన్, నేర్చుకుంటున్న మెల్టన్. సీజన్‌కు ముందు ఆడే మూడు మ్యాచ్‌లూ నాకు వీళ్లకోసమే.

శనివారం, ఆగస్టు 2

పగలు ఊరు చూశాం, మధ్యాహ్నం ఎండలో పెద్దగా తిరగలేకపోయాం. రాత్రి ఫ్యామిలీ నైట్. ప్రత్యర్థి లేడు, జట్టు తమలో తామే ఆడుకునే ప్రాక్టీస్. అయినా పసిపిల్లలను ఎత్తుకుని జనం వేలకు వేలు వచ్చారు. ఎనభై వేల మంది పట్టే ఆ గిన్నె లాంటి స్టేడియంలో మొదటిసారి దీపాల కింద దిగే కొత్త కుర్రాళ్లకు ఇదే అసలు పరిచయం. ఆఖర్న బాణసంచా.

మైదానంలో హాబ్స్ లేడు. మోకాలి కార్టిలేజ్ చిరిగి శస్త్రచికిత్స అయిందనీ, సీజన్ ఆరంభానికి తిరిగి రావచ్చనీ వార్త. నిన్న ట్రోఫీ ముందు చెప్పిన మాట ఇంత తొందరగా ఎదురవుతుందనుకోలేదు. అంచుల్లో ముగ్గురు అనుకున్నది ఇద్దరైంది. వాలెంటైన్ ఇప్పుడు ప్రత్యామ్నాయం కాదు, రెండో కార్నర్‌బ్యాక్ అతనే.

అయినా మధ్య భాగాన్ని చూసినప్పుడు నా గుండె కుదుటపడింది. 29వ నంబరు జేవియర్ మెకినీ 2024లో న్యూయార్క్ జెయింట్స్ నుంచి వచ్చాడు. నాలుగేళ్లకు 6 కోట్ల 70 లక్షల డాలర్లు. వచ్చిన మొదటి ఐదు మ్యాచ్‌ల్లోనూ ఇంటర్‌సెప్షన్ పట్టాడు. సీజన్ మొత్తానికి ఎనిమిది, ఆల్-ప్రో మొదటి జట్టులో చోటు. అతను పరుగులో లీగ్‌లో అందరికన్నా వేగవంతుడు కాదు. ముందుగా బయలుదేరతాడు, అంతే. క్వార్టర్‌బ్యాక్ భుజం తిరగకముందే అతని పాదం కదులుతుంది. పక్కన 33వ నంబరు ఎవాన్ విలియమ్స్, 2024లో ఓరెగన్ నుంచి నాలుగో రౌండ్లో వచ్చి సేఫ్టీగా స్థిరపడ్డాడు. అదే డ్రాఫ్ట్‌లో రెండో రౌండ్లో వచ్చిన జావన్ బుల్లార్డ్ జార్జియా తరఫున రెండు జాతీయ టైటిళ్లు గెలిచినవాడు. సేఫ్టీగా మొదలై స్లాట్‌లోకి వచ్చాడు, అవసరమైతే మళ్లీ వెనక్కి వెళ్లగలడు. ముగ్గురూ ఒకరి చోట ఒకరు నిలబడగలరు. ఎవరు ఎక్కడున్నారో బంతి కదిలేదాకా క్వార్టర్‌బ్యాక్‌కు అంతుపట్టదు.

ఇదంతా జెఫ్ హాఫ్లీ ఆలోచన. బోస్టన్ కాలేజ్ ప్రధాన కోచ్ పదవి వదులుకుని 2024లో డిఫెన్స్ కోఆర్డినేటర్‌గా ఇక్కడికి వచ్చాడు. కార్నర్‌బ్యాక్‌లు ఎప్పుడూ రిసీవర్ వీపు వెంట పరిగెత్తకుండా, చాలాసార్లు క్వార్టర్‌బ్యాక్ వైపు కళ్లు పెట్టి ఆడేలా చేశాడు. బంతి చేయి విడిచినప్పుడు దాన్ని చూస్తున్నవాళ్లు ఎక్కువుంటే పట్టేవాళ్లూ ఎక్కువుంటారు. తొలి ఏడాదిలోనే డిఫెన్స్ 31 సార్లు బంతి లాక్కుంది. అలెగ్జాండర్ లాంటి ఒంటరి వీరుడి అవసరం ఈ పద్ధతిలో కొంత తగ్గుతుంది. అతన్ని వదులుకునే ధైర్యం జట్టుకు ఇక్కడి నుంచే వచ్చిందని నేననుకుంటున్నాను.

ఆదివారం, ఆగస్టు 3

తిరుగు ప్రయాణం 41 మీద. విన్నెబాగో సరస్సు ఒడ్డున కాసేపు ఆగాం. నాన్నగారు చీజ్ మళ్లీ కొనిపించారు.

దారంతా అమ్మాకొడుకుల వాదనే. వాడి లెక్కలో ముందు వరుస ఒత్తిడి పెరిగితే వెనక వరుసకు పని తగ్గుతుంది, కనుక ఇంత దిగులక్కర్లేదు. కొంత నిజమే. క్వార్టర్‌బ్యాక్‌కు రెండున్నర సెకన్లకు మించి ఇవ్వకపోతే ఏ రిసీవరైనా ఎంత దూరం పోగలడు? కానీ గత ఏడాది పెద్ద జట్లతో ఆడినప్పుడు ఆ ఒత్తిడే కనబడలేదు. డెట్రాయిట్ చేతిలో రెండుసార్లు, మినెసోటా చేతిలో రెండుసార్లు, ఫిలడెల్ఫియా చేతిలో రెండుసార్లు ఓడాం. ముందు వరుస మారిందని సెప్టెంబరు చెప్పేదాకా నేను వెనక వరుసనే లెక్కగడతాను.

"అయితే నీ ఐదుగురు ఎవరమ్మా?" అన్నాడు.

అంచుల్లో నిక్సన్, వాలెంటైన్. స్లాట్‌లో బుల్లార్డ్. వెనక మెకినీ, విలియమ్స్. హాబ్స్ తిరిగొచ్చాక బయట వాలెంటైన్‌తో పోటీ పెడతాను, స్లాట్ నుంచి బుల్లార్డ్‌ను కదపను. మెల్టన్ పేరు కూడా జట్టులో ఉంచుతాను. రిసీవర్‌గా, కార్నర్‌బ్యాక్‌గా, కిక్ జట్లలో కూడా పనికొచ్చే మనిషిని వదులుకోకూడదు. మా అబ్బాయి నిక్సన్‌ను స్లాట్‌లోకి మార్చాలంటాడు. అక్కడ అతను ఇంకా బాగా ఆడతాడన్నది నిజమే, కానీ అప్పుడు బయట ఎవరు నిలబడతారని అడిగితే వాడి దగ్గరా జవాబు లేదు. అసలు చిక్కు అదే. మధ్యలో ముగ్గురు ఎక్కడైనా ఆడగలరు, అంచుల్లో ఇద్దరు తప్ప మూడోవాడు లేడు.

"మొదటి మ్యాచ్ ఎవరితో?" అని నాన్నగారు వెనక సీటు నుంచి అడిగారు.

సెప్టెంబరు 7, లాంబోలో, డెట్రాయిట్ లయన్స్. వాళ్ల రిసీవర్లలో అమాన్-రా సెయింట్ బ్రౌన్ లోపలి దారుల్లో తిరుగుతాడు, జేమిసన్ విలియమ్స్ అంచు వెంట సూటిగా పరిగెత్తుతాడు. నాలుగు రోజులకే, గురువారం రాత్రి, వాషింగ్టన్. తర్వాత మా డివిజన్‌లోనే ఉన్న మినెసోటా రిసీవర్ జస్టిన్ జెఫర్సన్‌తో రెండు మ్యాచ్‌లు ఎలాగూ ఉన్నాయి. సెయింట్ బ్రౌన్‌ను బుల్లార్డ్ చూసుకోగలడని నమ్ముతున్నాను. జేమిసన్ విలియమ్స్ వెనక నిక్సన్ గానీ వాలెంటైన్ గానీ ఒంటరిగా మిగిలిపోకుండా మెకినీ ఎంత త్వరగా ఆ వైపు చేరతాడన్నదే మొదటి మ్యాచ్. ఆ రోజుకు నాన్నగారు బాపట్ల వెళ్లిపోయి ఉంటారు. అక్కడ అర్ధరాత్రి దాటుతుంది. ఫోను చేసి స్కోరు చెప్పమన్నారు, ముఖ్యంగా 29వ నంబరు కుర్రాడు ఎటు నిలబడ్డాడో చెప్పమన్నారు.